బిజినెస్ పుస్తకాలు చదువుతూ చిన్న గానుగను పెంచడం: ఏ పుస్తకం ముందు, ఏ లెక్కతో?

పాలమూరు_గానుగ (ప్రశ్న):

అందరికీ నమస్తే. మహబూబ్‌నగర్‌లో కట్టె గానుగ నడుపుతున్నాను. ఒకటే గానుగ, పల్లినూనె ఒక్కటే సరుకు. ఇప్పుడు రెండో గానుగ పెట్టాలనీ, జడ్చర్లలో ఒక దుకాణం తెరవాలనీ ఆలోచన. ముద్ర లోను 4 లక్షల దాకా వచ్చేట్టుంది. దిగే ముందు నేర్చుకుందామని మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను: మైకేల్ గెర్బర్ రాసిన 'ద ఈ-మిత్ రీవిజిటెడ్', మైక్ మికాలోవిట్జ్ 'ప్రాఫిట్ ఫస్ట్', జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్'. మూడూ సగం సగం చదివాను. ఒకదాంట్లో పద్ధతులు రాసుకోమని, ఇంకోదాంట్లో లాభం ముందే తీసి పక్కన పెట్టమని, మూడోదాంట్లో సరైన మనుషుల్ని ముందు ఎక్కించుకోమని ఉంది. చదువుతున్నంతసేపు అన్నీ నిజమే అనిపిస్తాయి. సోమవారం పొద్దున దుకాణం తెరిచాక మొదట ఏం చేయాలో మాత్రం అర్థం కావడం లేదు.

లెక్కలు ఇవీ. ఒక విడతకు 15 కిలోల పల్లీలు, 50 నిమిషాలు. రోజుకు నాలుగు విడతలు, నెలకు 25 రోజులు, మొత్తం 1,500 కిలోలు. కిలో 125 చొప్పున 1,87,500. నూనె 660 లీటర్ల వరకు వస్తుంది. మడ్డి, ఇంటి వాడకం పోను 650 అమ్ముతాను: దుకాణంలో 500 లీటర్లు 350కి, ఎనిమిది కిరాణాలకు 150 లీటర్లు 310కి. కిరాణాలకు ఉద్దెరే, నెలన్నరకు గానీ పైసలు రావు. నూనె తీశాక మిగిలే పల్లి చెక్క 870 కిలోలు, 45 చొప్పున 39 వేలు. సీసాలు, లేబుళ్లకు 8 వేలు. కిరాయి 12 వేలు, ఒక మనిషి జీతం 15 వేలు, కరెంటు 7 వేలు, రవాణా వగైరా 6 వేలు. నూనె తేరడానికి 35 లీటర్ల స్టీలు డ్రమ్ములు నాలుగున్నాయి. సంక్రాంతికి, దసరాకు సరుకు చాలక గిరాకి వెనక్కి పోతోంది, అందుకే రెండో గానుగ అనుకుంటున్నాను. ఏడాది అమ్మకం 40 లక్షలు దాటలేదు కాబట్టి జీఎస్టీ తీసుకోలేదు.

ఏ పుస్తకం ముందు పూర్తి చేయాలి? చదివింది ఈ లెక్కల మీద ఎట్ల పెట్టాలి? గానుగ ముందా, దుకాణం ముందా?


లెక్కల_పుస్తకం (జవాబు):

అంకెలన్నీ పెట్టి అడిగారు, చాలా మంచి పని చేశారు. పుస్తకం చదవడం కంటే ఇదే కష్టం.

పుస్తకానికి ముందు ప్రశ్న ఉండాలి. మీకున్న ప్రశ్నలు మూడు: సరుకు ఎందుకు చాలడం లేదు, పైసలు ఎక్కడికి పోతున్నాయి, జడ్చర్లలో కొనేవాళ్లున్నారా. మీరు తెచ్చుకున్న మూడింటిలో 'ప్రాఫిట్ ఫస్ట్' రెండో ప్రశ్నకు పనికొస్తుంది. మొదటి ప్రశ్నకు ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో తెచ్చిన 'ద గోల్' చదవండి. అది ఒక ఫ్యాక్టరీ మేనేజరు కథగా, నవలలా నడుస్తుంది. ఇంగ్లీషు అంత అలవాటు లేనివాళ్లకు కూడా మిగతావాటి కంటే తేలిగ్గా సాగుతుంది. మూడో ప్రశ్నకు రాబ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 'ద మామ్ టెస్ట్'. చిన్నదే, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది.

'గుడ్ టు గ్రేట్' పక్కన పెట్టండి. 2001లో వచ్చింది, స్టాక్ మార్కెట్‌లో ఉన్న 11 పెద్ద అమెరికన్ కంపెనీల మీద చేసిన పరిశోధన. ఆ పదకొండింటిలో ఒకటైన సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది. పుస్తకం తప్పని నేననడం లేదు. గెలిచినవాళ్లను ఏరి, వాళ్లలో కలిసే గుణాలేవో చూసి, అవే గెలుపుకు కారణమంటే నమ్మే ముందు అదే గుణాలుండి ఓడినవాళ్లు ఎందరో అడగాలి. ఒక మనిషితో నడిచే గానుగకు ఆ పుస్తకం నుంచి రేపు చేయగలిగిన పని దొరకదు.

చదివే పద్ధతి ఇట్ల పెట్టుకోండి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీసుకుని ఎడమ పేజీలో పుస్తకం చెప్పిన మాటను మీ తెలుగులో రెండు వాక్యాల్లో రాయండి. కుడి పేజీలో అదే మాటను మీ గానుగ అంకెతో రాయండి. కుడి పేజీ ఖాళీగా మిగిలితే ఆ అధ్యాయం మీకు ఇంకా అర్థం కాలేదనో, మీకు సంబంధం లేదనో లెక్క. ఇంకో అధ్యాయానికి పోవద్దు, పోతే మూడు పుస్తకాలు సగం సగం అయినట్టే అవుతుంది. ఒక పుస్తకం నుంచి ఒక మార్పు తీసుకుని, 30 రోజులు చేసి, ముందు అంకె ఎంత, తర్వాత అంకె ఎంత రాసుకున్నాకే రెండో పుస్తకం. ఒకేసారి ధర పెంచి, సీసా మార్చి, పనిమనిషి పద్ధతి కూడా మారిస్తే ఆ నెల లాభం పెరిగినా ఏది పెంచిందో తెలియదు.

గెర్బర్ పుస్తకం గురించి ఒక మాట. దాంట్లో మీకు పనికొచ్చేది ముఖ్యంగా ఒకటే: మీ చేతిలో ఉన్న పనిని ఇంకొకరు చదివి చేసేట్టు కాగితం మీద పెట్టడం. మీరు ఒక్కరే ఉన్నా కొనుగోలు, గానుగ, సీసాలు నింపడం, అమ్మకం, వసూలు అని ఐదు గళ్లు గీసి ఒక్కోదానికి ఒక పేజీ రాయండి. గానుగ పేజీలో ఏముండాలో మిల్లు పని తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.


మిర్యాలగూడ_మిల్లు (జవాబు):

గానుగ పేజీ నేను రాస్తాను. దానికంటే ముందు అసలు విషయం: మీకు రెండో గానుగ అవసరం లేదు, ఇప్పటికైతే.

మీ అంకెలే చూడండి. రోజుకు నాలుగు విడతలంటే 60 కిలోలు, నూటికి నలభై లెక్కన 24 కిలోల నూనె. పల్లినూనె లీటరు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి 26 లీటర్ల పైచిలుకు. తేరడానికి నాలుగు రోజులు, ఒంపుకుని డ్రమ్ము కడిగి ఆరబెట్టడానికి ఇంకో రోజు వేసుకుంటే ప్రతి లీటరూ డ్రమ్ములో ఐదు రోజులు ఉంటుంది. ఐదు రోజుల నూనె 132 లీటర్లు. మీ డ్రమ్ములు నాలుగూ కలిపి 140. అంటే రోజూ డ్రమ్ములు నిండే ఉన్నాయి. నాలుగో విడత అయ్యాక గానుగ ఆగేది నూనె పోసే చోటు లేకనే అయ్యుండాలి. విడతకు 50 నిమిషాలు, ఊడ్చి సర్దడానికి 10 నిమిషాలు వేసుకుంటే ఆరు విడతలు ఆరు గంటల్లో అవుతాయి. ఉన్న గానుగ, ఉన్న మనిషే చాలు.

'ద గోల్' చెప్పేది సరిగ్గా ఇదే. పని ఎక్కడ ఇరుకుగా సాగుతుందో అక్కడ పెంచితేనే మొత్తం పెరుగుతుంది, ఇంకెక్కడ పెంచినా సరుకు ఆ ఇరుకు ముందర పోగుపడుతుంది. గోల్డ్‌రాట్ క్రమం ఐదు మెట్లు: ఇరుకు ఎక్కడుందో కనిపెట్టు, పైసా పెట్టకుండా దాన్ని పూర్తిగా వాడుకో, మిగతా పనులన్నీ దాని వేగానికి కట్టు, అప్పటికీ చాలకపోతే డబ్బు పెట్టి పెంచు, తర్వాత ఇరుకు ఎక్కడికి జరిగిందో మళ్లీ చూడు. చాలామంది మొదటి మెట్టు నుంచి నేరుగా నాలుగో మెట్టుకు దూకుతారు. మీ రెండో గానుగ ఆలోచనలో మొదటి మెట్టు కూడా జరగలేదు. ఇప్పుడు గానుగ కొంటే అది కూడా ఆ నాలుగు డ్రమ్ముల ముందే నిలబడుతుంది.

ఆరు విడతలకు రోజుకు 40 లీటర్లు, ఐదు రోజులకు 200 లీటర్ల చోటు కావాలి. 35 లీటర్ల డ్రమ్ములు ఇంకో రెండు కొంటే 210 అవుతుంది. వానాకాలం ఎండ తగలక తేరడానికి ఇంకో రోజు ఎక్కువ పడుతుంది, అందుకని మూడు కొనండి. ఆ ఖర్చు గానుగ ధరలో చిన్న భాగం. నెలకు 990 లీటర్ల దాకా తీయొచ్చు, అంటే ఇప్పటి కంటే 330 లీటర్లు ఎక్కువ, అప్పు లేకుండా. పండుగ కొరత కూడా గానుగ కొరత కాదు. సంక్రాంతి సకినాలకు, అరిసెలకు జనం నూనె కొనేది పండుగకు ముందు పది రోజుల్లోనే. డిసెంబరు మూడో వారం నుంచే రోజుకు రెండు విడతలు ఎక్కువ ఆడించి, బాగా తేరిన నూనెను మూత బిగించి నీడలో పెట్టుకుంటే ఆ పది రోజులు గట్టెక్కుతాయి.

ఇప్పుడు గానుగ పేజీ. ప్రతి విడతకు మూడు తూకాలు రాయించండి: పోసిన పల్లీలు, వచ్చిన నూనె, వచ్చిన చెక్క. నూనె లీటర్లలో కాదు, కిలోల్లో. లీటరు కొలతలో నురగ మోసం చేస్తుంది. 15 కిలోలకు 6 కిలోల నూనె వస్తే 40 శాతం. నూనె, చెక్క కలిపి పోసిన తూకానికి రెండు శాతం దాకా తక్కువ రావడం మామూలే. తరుగు రెండు శాతం దాటితే ఎక్కడో కారుతోంది, లేదా తూకం తప్పు.

ఈ శాతం ఎంత ముఖ్యమో చూడండి. 40 శాతం వస్తే లీటరుకు పల్లీలు 2.28 కిలోలు పడతాయి, చెక్క డబ్బు తీసేస్తే లీటరు నూనె సరుకు ఖర్చు 225 రూపాయలు. 38 శాతానికి పడితే అదే 235 దగ్గరికి పోతుంది. 650 లీటర్లకు నెలకు ఆరు వేల పైన. మీ లెక్కలో ఖర్చులన్నీ పోను మిగిలేది 25 వేలు, దాంట్లో నాలుగో వంతు ఎవరికీ కనపడకుండా చెక్కలో పోయినట్టు.

శాతం ఎందుకు పడుతుందంటే, పల్లీలు మరీ ఎండితే చెక్క పొడిపొడిగా తిరుగుతుంది, కలిసి ముద్ద కాదు, నూనె వదలదు. మరీ తేమగా ఉంటే నూనె మడ్డిగా దిగి, తేరడానికి రోజులు ఎక్కువ తీసుకుని మళ్లీ డ్రమ్మును పట్టుకుని కూర్చుంటుంది. నొక్కు గింజలు, తాలు ఎక్కువున్న సరుకు కిలోకు రెండు రూపాయలు తక్కువకు దొరికినా నూనెలో అంతకంటే ఎక్కువ పోతుంది. మనిషి తొందరపడి 50 నిమిషాలకు బదులు 40కే దించినా అంతే. అందుకే ఎక్కించిన టైము, దించిన టైము కూడా ఆ పేజీలో ఉండాలి. ఒక నెల రాస్తే ఏ అడ్తి దగ్గరి సరుకు ఎంత నూనె ఇస్తుందో మీకే తెలుస్తుంది. అప్పుడు బేరం కిలో ధర మీద కాకుండా నూనె మీద చేయొచ్చు.


నల్లగొండ_ఖాతా (జవాబు):

పైసల సంగతి, దానికంటే ముందు జీఎస్టీ. ఇది వెంటనే చూసుకోవాల్సింది కాబట్టి ముందు చెబుతున్నాను.

40 లక్షల పరిమితి చాలా రాష్ట్రాల్లో ఉంది, తెలంగాణలో లేదు. సరుకు అమ్మేవాళ్లకు కూడా మన దగ్గర పరిమితి ఏడాదికి 20 లక్షలే. మీ అమ్మకం నూనె 2,21,500, చెక్క 39 వేలు, కలిపి నెలకు 2.6 లక్షలు, ఏడాదికి 31 లక్షల పైన. చెక్కను విడిగా తీసేయడానికి లేదు, మొత్తం టర్నోవరే లెక్క. పరిమితి దాటిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోవాలి. ఆలస్యానికి పన్నుతో పాటు 18 శాతం మిత్తి, జరిమానా ఉంటాయి. ఈ వారమే ఒక సీఏ దగ్గరికి ఈ అంకెలు తీసుకుపోండి. ఏ పుస్తకంలోనూ ఇది దొరకదు, అవి రాసినవాళ్లకు మన పన్నులతో పని లేదు.

మీలాంటి వాళ్లకు కంపోజిషన్ పద్ధతి సరిపోవచ్చు. ఏడాదికి 1.5 కోట్ల లోపు అమ్మకం ఉన్న తయారీదారు టర్నోవర్ మీద 1 శాతం కడితే చాలు. మీకు నెలకు 2,600 రూపాయలు. కానీ షరతులు తెలుసుకోండి: ఆ పన్ను కొనేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయకూడదు, కొన్నవాటి మీద కట్టిన పన్నును మినహాయించుకునే వీలు (క్రెడిట్) ఉండదు, రాష్ట్రం బయట అమ్మకూడదు. అంటే కర్ణాటకలోని రాయచూర్ నుంచి ఆర్డరు వస్తే పంపలేరు. సరిహద్దు దగ్గరున్న గద్వాల, నారాయణపేట వైపు పెరగాలనుకునేవాళ్లు ఈ షరతును ముందే ఆలోచించుకోవాలి.

ఇక 'ప్రాఫిట్ ఫస్ట్'. ఈ పుస్తకం చదివినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు శాతాలను మొత్తం అమ్మకం మీద వేయడం. మికాలోవిట్జ్ అట్ల చెప్పలేదు. సరుకు కొనే వ్యాపారం అయితే ముందు సరుకు ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని అసలు రాబడిగా పట్టుకోమన్నాడు. మీకు అది 2,60,500 లోంచి పల్లీలు 1,87,500, సీసాలు 8 వేలు పోను 65,000. మీ వ్యాపారం నెలకు రెండున్నర లక్షలది కాదు, 65 వేలది. ఈ అంకె గల్లాపెట్టె మీద రాసిపెట్టుకోండి. కిరాయి, జీతం, కరెంటు, రవాణా, మీ ఇంటి ఖర్చు, అన్నీ దీంట్లోంచే రావాలి.

చిన్న వ్యాపారాలకు ఆయన పెట్టిన గురి ఇట్ల ఉంటుంది: లాభం 5 శాతం, యజమాని జీతం 50, పన్ను 15, ఖర్చులు 30. మీ ఖర్చులు ఇప్పుడు 40 వేలు, అంటే 61 శాతం పైన. రేపటి నుంచే 30కి తెస్తానంటే కిరాయి కట్టలేరు. పుస్తకం కూడా మొదట లాభానికి 1 శాతంతో మొదలుపెట్టమంటుంది. మీ 65 వేలను ఇట్ల విడగొట్టండి: లాభం 650, పన్ను 2,600, ఖర్చులు 40,000, మీ జీతం 21,750. ఇన్కమ్ టాక్స్ పడేట్టుంటే పన్ను వాటా సీఏ చెప్పినంత పెంచండి. మూడు నెలలకోసారి ఖర్చుల వాటాను రెండు శాతం తగ్గించి, ఆ రెండూ లాభానికి, జీతానికి పంచండి.

నడిపే పద్ధతి: అమ్మకం అంతా ఒక ఖాతాలో పడాలి, క్యూఆర్ కోడ్ దానికే కట్టాలి. గల్లాలో నగదు వారానికి రెండుసార్లు అందులోనే వేయాలి. నెలలో 10న, 25న కూర్చుని ముందు పల్లీల ఖాతాలోకి సరుకు డబ్బు, తర్వాత మిగతా వాటాలు పంపాలి. పల్లీల ఖాతా పుస్తకంలోని ఐదు ఖాతాల్లో ఉండదు. గానుగ వాళ్లకు అదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అమ్మకంలో నూటికి 72 రూపాయలు పల్లీలకే పోతాయి. అది కలిసిపోతే చేతిలో ఉన్నది లాభమనుకుని ఖర్చయిపోతుంది. లాభం, పన్ను ఖాతాలు వేరే బ్యాంకులో, యూపీఐ లేకుండా పెట్టండి.

లోను మాట కూడా: 4 లక్షలు 12 శాతానికి మూడేళ్లంటే కిస్తు నెలకు 13,300 దాకా. దానికి ఇంకో మనిషి జీతం 15 వేలు కలిపితే 28,300. సరుకు, సీసా, కరెంటు పోను లీటరుకు మీకు సగటున 93 రూపాయలు మిగులుతున్నాయి, అంటే ప్రతి నెలా ఇంకో 300 లీటర్లు అమ్మితే గానీ రెండో గానుగ తన ఖర్చు తాను మోయదు. మిర్యాలగూడ అన్న చెప్పిన డ్రమ్ములతో అవే 330 లీటర్లు కిస్తు లేకుండా వస్తున్నప్పుడు ఇప్పుడు సంతకం పెట్టకండి.


పాలమూరు_గానుగ:

అందరికీ చాలా ధన్యవాదాలు. డ్రమ్ముల మాట నిజం, నాలుగో విడత తర్వాత ఖాళీ డ్రమ్ము ఉండదు. జీఎస్టీకి రేపే పోతున్నా. రెండు అడుగుతాను. పెరిగే 330 లీటర్లు ఎక్కడ అమ్మాలి, జడ్చర్ల దుకాణమా, ఇంకా కిరాణాలా? పల్లీలు సీజన్‌లోనే నాలుగు నెలలకు సరిపడా కొని పెట్టుకోమని అడ్తి వాళ్లు అంటున్నారు. అది లాభమేనా?


జడ్చర్ల_చౌరస్తా (జవాబు):

కిరాణాల లెక్క ముందు చూద్దాం. 310కి ఇచ్చినప్పుడు సరుకు 225, సీసా 12, కరెంటు 10 పోను మీకు మిగిలేది 63. దుకాణంలో 350కి అమ్మితే 103. కిరాణాలో ఒక లీటరు పైసలు మునిగితే 247 రూపాయల సొంత ఖర్చు పోయినట్టు, దాన్ని పూడ్చడానికి నాలుగు లీటర్లు అమ్మాలి. పైగా 150 లీటర్లకు నెలన్నర ఉద్దెర అంటే ఎప్పుడు చూసినా 70 వేలు బయటే ఉంటాయి. 300 లీటర్లకు పెంచితే లక్షా నలభై వేలు. అమ్మకం పెరిగిన కొద్దీ చేతిలో పైసలు తగ్గడమంటే ఇదే, చాలా చిన్న వ్యాపారాలు నష్టంతో కాకుండా దీనితోనే ఆగిపోతాయి.

కిరాణాలను వదలొద్దు, ఉద్దెర పద్ధతి మార్చండి. పాత బిల్లు ఇస్తేనే కొత్త సరుకు, ఒక దుకాణానికి ఒక బిల్లే బాకీ. వారం వారం కొద్దికొద్దిగా, ఒక్కో కిరాణాకు 5 లీటర్లే దించండి. నగదు ఇచ్చేవాళ్లకు లీటరుకు 5 రూపాయలు తగ్గించండి. నెలన్నరకు రూపాయి మిత్తి లెక్కన 310 మీద 5 రూపాయల దగ్గరే అవుతుంది, కాబట్టి మీకు పెద్దగా పోయేది లేదు, మునిగే భయం తప్పుతుంది. ఎనిమిదింటిలో ఇద్దరు ముగ్గురు ఒప్పుకోరు. వాళ్లను పోనివ్వండి.

దుకాణం సంగతి. కిరాయి 10 వేలు, కూర్చునే మనిషికి 12 వేలు, కరెంటు, చిల్లర 3 వేలు, మొత్తం 25 వేలు అనుకుంటే, రవాణా పోను లీటరుకు 100 మిగిలితే నెలకు 250 లీటర్లు అమ్మాలి, రోజుకు ఎనిమిదికి పైన. అవన్నీ కొత్తవి కావాలి. జడ్చర్ల నుంచి ఇప్పటికే పాలమూరు వచ్చి మీ దగ్గర కొనేవాళ్లు ఇక్కడికి మారితే అది పెరిగినట్టు కాదు, అదే అమ్మకానికి రెండు కిరాయిలు. ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎవరు ఏ ఊరి నుంచి వస్తున్నారో రెండు వారాలు రాసుకోండి.

'ద మామ్ టెస్ట్' ఇక్కడ పనికొస్తుంది. గానుగ నూనె దుకాణం పెడితే కొంటారా అని అడిగితే మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. ఆ జవాబుకు విలువ లేదు. జరిగిపోయిన సంగతి అడగాలి: పోయిన నెల ఏ నూనె తెచ్చారు, ఎన్ని లీటర్లు, ఎంతకు, ఎక్కడ? గానుగ నూనె ఎప్పుడైనా కొన్నారా, కొని మానేస్తే ఎందుకు మానేశారు? ఇరవై ఇళ్లలో అడిగితే చిత్రం తెలుస్తుంది. ఇంట్లో నెలకు ఐదు లీటర్ల ప్యాకెట్ నూనె వాడేవాళ్లు ఒక్కసారిగా ఐదూ గానుగ నూనెకు మారరు, పోపుకూ పచ్చళ్లకూ ఒక లీటరు మొదలుపెడతారు. ఇంటికి ఒక లీటరు లెక్కన 250 ఇళ్లు కావాలి. రెండు లీటర్లయితే 125.

కిరాయి ఒప్పందానికి ముందు నాలుగు వారాలు వారపు అంగడిలో ఒక బల్ల వేయండి. 40 సీసాలు తీసుకుపోండి, సగం అర లీటరువి. ఎన్ని పోయాయో కంటే మూడో వారం, నాలుగో వారం మళ్లీ వచ్చి కొన్నవాళ్లు ఎందరో ముఖ్యం. మొదటిసారి కొనేది కొత్త కాబట్టి, రెండోసారి కొనేది నచ్చింది కాబట్టి. ఫోను నంబరు రాసుకుంటే తిరిగి వచ్చినవాళ్లను గుర్తుపట్టొచ్చు. తిరిగి కొనేవాళ్లు యాభై మంది కూడా తేలకపోతే దుకాణం ఆపి, వారానికి రెండు రోజులు ఇంటికి తెచ్చిచ్చే పద్ధతి పెట్టండి.


మిర్యాలగూడ_మిల్లు:

పల్లీల నిల్వ గురించి. మన పాలమూరు వైపు పల్లి ఎక్కువగా యాసంగి పంట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మార్కెట్లకు చలికాలం నుంచి ఎండాకాలం మొదలు దాకా వస్తుంది. అప్పుడు ధర కొంత తగ్గడం సహజం. కానీ లెక్క ఇదీ: నాలుగు నెలలకు 6,000 కిలోలు, 125 చొప్పున 7.5 లక్షలు. నెలనెలా వాడుకుంటూ పోతే సగటున సగం డబ్బు నాలుగు నెలలు ఇరుక్కుంటుంది. నూటికి రూపాయి మిత్తికి 15 వేలు, కిలోకు రెండున్నర. ఎండి తగ్గే తూకం రెండు శాతం, అది ఇంకో రెండున్నర. ధర కిలోకు 5 రూపాయల కంటే ఎక్కువ పెరిగితేనే మీకు మిగులు. రెండు రూపాయల మిత్తికి తెస్తే ఏడున్నర పెరగాలి. సొంత డబ్బు ఉంటే ఒకటిన్నర నెల సరుకు చాలు, అప్పు తెచ్చి నాలుగు నెలలది వద్దు.

పెట్టేదైనా గింజలుగా పెట్టొద్దు, కాయగా పెట్టండి. పొట్టు ఉన్నంతకాలం పురుగు, బూజు ఆలస్యమవుతాయి. 100 కిలోల కాయకు 70 కిలోల దాకా గింజ వస్తుందని లెక్క వేసుకుని ధర పోల్చుకోండి. కాయ కొనే ముందు తేమ మీటరు పెట్టించండి, 8 శాతం లోపు ఉండాలి. తడి సరుకులో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది వేడికి పోదు, వడపోయని గానుగ నూనెలోకి మడ్డితో పాటు దిగుతుంది. బూజు గింజలను గానుగలో పోయడం కంటే పారేయడమే నయం, పశువులకు వేసే చెక్కలోకి కూడా రానివ్వకండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కపలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి.

డ్రమ్ములు కొనేటప్పుడు కుళాయి అట్టడుగున ఉన్నది తీసుకోవద్దు. అడుగు నుంచి రెండు మూడు అంగుళాల పైన బిగించి ఉండాలి, అప్పుడే కింది మడ్డి కదలకుండా పైనూనె వస్తుంది. ఒక్కో డ్రమ్ము మీద సుద్దముక్కతో నింపిన తేదీ, విడత నంబరు రాయించండి. ఎన్నో రోజుకు తేరిందో కూడా మీ గానుగ పేజీలో ఒక గడి పెట్టుకోండి.